బొమ్మ కొన్నారు సరే, ఏం కొన్నారు?

ఆదివారం పొద్దున హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు తెలుసు, అక్కడ ఒక్కోసారి పుస్తకం కానిది కూడా దొరుకుతుంది. పాత ఉత్తరాలు, ఎవరివో పెళ్లి ఫొటోలు, ఎప్పటివో క్యాలెండర్లు. పదేళ్ల క్రితం నాకు అలాగే ఓ అట్ట దొరికింది. దాని మీద నల్ల ఇంకుతో గీసిన కథ బొమ్మ, కింద పేరున్న ఆర్టిస్టు సంతకం. "ఒరిజినల్ సార్, మళ్లీ దొరకదు" అన్నాడు అమ్మే అతను. నాలుగు వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే గీత అంచుల నిండా అచ్చులో మాత్రమే పడే సన్నటి చుక్కలు. ఎవరో అచ్చయిన పేజీని పెద్దది చేయించి అట్టకు అంటించారు. సంతకం కూడా ఆ అచ్చులో భాగమే.

డబ్బు పోయినందుకు కన్నా, ఏం చూడాలో తెలియకుండా కొన్నందుకు ఎక్కువ బాధపడ్డాను. అప్పటి నుంచి కామిక్ పేజీలు, పత్రికల్లో కథలకు వేసిన బొమ్మలు, కార్టూన్ల ఒరిజినల్స్ కొంటున్నాను, వేయించుకుంటున్నాను, తోటివాళ్లతో మార్చుకుంటున్నాను. ఇందులోకి కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ఒకేచోట తడబడటం చూస్తున్నాను. బొమ్మ అని మనం ఒకే మాట అంటాం. కానీ చేతితో గీసిన కాగితం వేరు, ఆ బొమ్మను అచ్చేసుకునే హక్కు వేరు. కాగితానికి డబ్బిచ్చి హక్కు కూడా వచ్చిందనుకుంటారు. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా తమ దాకా వచ్చిందో మాత్రం అడగరు. నిజానికి ముందు అడగాల్సింది అదే.

కాగితాన్ని చదవడం

అచ్చు కోసం గీసే బొమ్మ అచ్చులో కనిపించే సైజులో ఉండదు. పెద్దగా గీసి, బ్లాకు, అంటే అచ్చుకు వాడే లోహపు పలక, చేసేటప్పుడు తగ్గిస్తారు. తగ్గించినప్పుడు గీత బిగుస్తుంది, చిన్న చిన్న లోపాలు మరుగున పడతాయి. అమెరికాలో 1960ల మధ్య దాకా కామిక్ పేజీని అచ్చు కొలతకు దాదాపు రెట్టింపులో గీసేవారు. 1967 ప్రాంతంలో అది ఒకటిన్నర రెట్లకు దిగింది. ఇప్పటికీ చాలామంది వాడే 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు బోర్డు అలా స్థిరపడిందే. అందుకే ఓ పేజీ ఏ కాలానిదో దాని కొలతే కొంత చెప్పేస్తుంది.

రంగుల కామిక్స్ చదివి పెరిగినవాళ్లు మొదటిసారి ఒరిజినల్ పేజీ చూసి, ఇది నలుపు తెలుపులో ఉందేమిటని అనుమానపడతారు. అది అలాగే ఉండాలి. పాత పద్ధతిలో ఒరిజినల్ మీద రంగు వేయరు. దానికి ఫొటో కాపీ తీసి, ఆ కాపీ మీద రంగుల గుర్తులు వేసి ప్రెస్సుకు పంపేవారు. కవర్లు, పత్రికల ముఖచిత్రాల సంగతి వేరు. వాటిని ఆర్టిస్టు నేరుగా రంగుల్లోనే వేసి ఉండొచ్చు.

పేజీ మీద నీలం పెన్సిల్ గీతలు కనిపిస్తే కంగారు పడకండి, సంతోషించండి. బ్లాకుల కోసం వాడే కెమెరా ఫిల్ముకు లేత నీలం కనిపించదు. కాబట్టి ఆర్టిస్టు నీలంతో స్కెచ్ వేసుకుని దాని మీద ఇంకు దిద్దేవాడు, నీలాన్ని చెరిపే పని ఉండేది కాదు. తెల్ల రంగుతో కప్పిన తప్పులు, అతికించిన మాటల బుడగలు, వాటి చుట్టూ జిగురు ముదిరి ఏర్పడిన గోధుమరంగు మరకలు, ఇవన్నీ ఒరిజినల్‌కు ఆనవాళ్లు. మన వారపత్రికల బొమ్మలకైతే అంచుల్లో ఎన్ని అంగుళాలకు తగ్గించాలో, ఏ సంచికకో రాసి ఉండొచ్చు. బ్లాకు చేసేవాడి కోసం హడావుడిగా రాసిన ఆ రాతంటే నాకు సంతకం కన్నా నమ్మకం. సంతకాన్ని అనుకరించేవాడికి ఆ రాత రాయాలనే ఆలోచన రాదు.

ఇక పరీక్ష. బొమ్మను కిటికీ పక్కన పెట్టి వెలుగు పక్క నుంచి పడేలా చూడండి. ఇంకు దట్టంగా వేసినచోట మెరుపు తేడాగా ఉంటుంది, నిబ్బు ఒత్తిన జాడ తెలుస్తుంది. తర్వాత భూతద్దం. తర్వాత తప్పకుండా వెనక్కి తిప్పండి, పటం కట్టి ఉంటే విప్పించి చూడండి. చివరగా అచ్చయిన సంచికతో పోల్చండి. ఒరిజినల్లో అచ్చులో లేనిది ఏదో ఒకటి ఉండాలి. అంచున కత్తిరించేసిన చెట్టు కొమ్మో, దిద్దేసిన చెయ్యో. అచ్చులో ఉన్నంతే, గీతకు గీత సరిపోయేలా ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి. పోల్చడానికి పాత సంచిక ఎక్కడ దొరుకుతుందంటే, మన ఊళ్లో గ్రంథాలయాలు ఉన్నాయి. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఓ మధ్యాహ్నం వెచ్చించగలిగితే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంకో చిక్కు. ఇప్పుడు ఒకే పేజీకి రెండు ఒరిజినల్స్ ఉండొచ్చు. పెన్సిల్ వేసే ఆర్టిస్టు ఒక ఊళ్లో, ఇంకు దిద్దే ఆర్టిస్టు మరో దేశంలో ఉంటారు. పెన్సిల్ పేజీని స్కాన్ చేసి పంపితే, రెండో ఆయన దాన్ని లేత నీలంలో ప్రింట్ తీసుకుని ఇంకు వేస్తాడు. ఇంకు పేజీ మీద పెన్సిల్ ఆర్టిస్టు చెయ్యి అసలు పడలేదు. అమ్మేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి, చెప్పకపోతే మనమే అడగాలి. టాబ్లెట్ మీదే మొత్తం గీసిన పేజీకైతే ఒరిజినల్ కాగితమే ఉండదు. సంతకం పెట్టి ఇచ్చినా అది ప్రింటే. తన పాత కవరును ఆర్టిస్టే మళ్లీ గీసి అమ్మడం కూడా ఉంది. అందులో తప్పేమీ లేదు, మళ్లీ గీసినదని వెనక రాసి ఉన్నంతవరకు.

ఇన్ని బొమ్మలు ఎటు పోయాయి

1947 జూలైలో చందమామ మొదలైంది. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, వ.పా. అని సంతకం పెట్టే వడ్డాది పాపయ్య, వీళ్ల చేతుల మీదుగా దశాబ్దాల పాటు నెలనెలా ఎన్ని బొమ్మలు వచ్చాయో ఊహించుకోండి. దానికి వారపత్రికల కథల బొమ్మలు, బాపు గారు వేసిన పుస్తకాల కవర్లు, కార్టూన్లు కలపండి. వాటిలో మనకు ఎదురుపడే ఒరిజినల్స్ చాలా తక్కువ. బ్లాకు తయారైపోయాక కాగితంతో పని లేదని అప్పట్లో అనుకున్నారు. ఆ మాటకొస్తే చాలామంది ఆర్టిస్టులే అలా అనుకున్నారు. అచ్చయిన బొమ్మే బొమ్మ, గీసిన కాగితం దానికి తయారీ సరుకు.

ఇది మనకే జరిగిన అన్యాయం కాదు. అమెరికాలోనూ ప్రచురణకర్తలు పేజీలను తమ గోదాముల్లోనే ఉంచుకునేవారు. 1970ల్లో గానీ వాటిని ఆర్టిస్టులకు తిరిగివ్వడం మొదలుకాలేదు. మార్వెల్ పాత్రల్లో ఎన్నింటికో రూపం ఇచ్చిన జాక్ కిర్బీ, 1980ల్లో తన పేజీల కోసం ఆ సంస్థతో ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. మిగతా ఆర్టిస్టులకు లేని పొడవాటి ఒప్పందం మీద సంతకం పెట్టమని ఆయన్ని అడిగారు. తోటి ఆర్టిస్టులు, పాఠకులు గొంతు కలిపాక 1987లో రాజీ కుదిరింది. ఆయన గీసిన పదివేల పైచిలుకు పేజీల్లో చేతికి వచ్చినవి రెండు వేలకు అటూ ఇటూ. మిగతావాటిలో కొన్ని అప్పటికే బయట చేతులు మారుతున్నాయి.

అలా తిరిగొచ్చిన కాగితాల మీదే అక్కడి మార్కెట్ చాలావరకు నిలబడింది. 2022 జనవరిలో డల్లాస్‌లోని హెరిటేజ్ అనే వేలం సంస్థ దగ్గర ఒకే ఒక్క లోపలి పేజీ 33.6 లక్షల డాలర్లకు పోయింది. మైక్ జెక్ 1984లో గీసిన పేజీ అది, స్పైడర్‌మ్యాన్ నల్ల దుస్తులు ఎలా వచ్చాయో చూపించే ఘట్టం. దానికి ఏడాది ముందు పారిస్‌లో, టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే 1936లో వేసిన ఓ కవరు బొమ్మ సుమారు 32 లక్షల యూరోలకు అమ్ముడైంది. అచ్చుకు ఖర్చెక్కువని పక్కన పెట్టేసిన బొమ్మ అది. దాని మీద మడతలు అలాగే ఉన్నాయి. ప్రచురణకర్త ఇంట్లో పిల్లవాడికి ఇస్తే మడిచి దాచుకున్నాడని ఆ కుటుంబం చెప్పింది. మామూలుగా మడత పడితే కాగితం విలువ తగ్గాలి. ఇక్కడ ఆ మడతలే బొమ్మ వచ్చిన దారి చెబుతున్నాయి.

ఈ అంకెలు చూసి మన దగ్గర రేట్లు ఊహించుకోవద్దు. ధర కట్టే తీరు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. కవరుకు ఎక్కువ, ఒకే పెద్ద బొమ్మ ఉన్న పేజీకి ఆ తర్వాత, ముఖ్య పాత్ర లేకుండా మాటలతో నడిచే పేజీకి తక్కువ. చిన్నప్పుడు అందరూ చూసి గుర్తుపెట్టుకున్న బొమ్మ ఎంత పాడైనా పలుకుతుంది.

హక్కు ఎవరిది

1957 నాటి కాపీరైట్ చట్టం చదవడానికి భయపడక్కర్లేదు. మనకు కావలసింది నాలుగైదు చోట్లే ఉంది. ఒరిజినల్ కొన్నంత మాత్రాన కాపీరైట్ మనకు రాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా రాసివ్వాలి. ఆర్టిస్టు పోయాక 60 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు. ఆయన బొమ్మ ఒరిజినల్ మీ గోడ మీదే ఉన్నా, దాన్ని పెళ్లి పత్రిక మీద అచ్చేయించాలంటే హక్కుదారుల అనుమతి కావాలి.

హక్కుదారు ఎవరనేదే మెలిక. పత్రికలో జీతానికి పనిచేసిన ఆర్టిస్టు వేసిన బొమ్మ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది, మిగతా హక్కులు ఆర్టిస్టువి. మరి మనం డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ? చాలామంది ఆర్టిస్టులకు, కొనేవాళ్లకు తెలియని సంగతి ఇది. 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. ఆర్టిస్టు మాత్రం హక్కు తన దగ్గరే ఉందని అనుకుంటూ ఉంటాడు. ఇంకుతో గీసిన కామిక్ బొమ్మ ఆ రెండు మాటల్లోకి వస్తుందా రాదా అని వాదించుకోవడానికీ చోటుంది. ఆ వాదన దాకా పోకుండా ఉండాలంటే ముందే రెండు వాక్యాలు రాసుకోవాలి. నేను వేయించుకునే ప్రతి బొమ్మకూ "కాగితం నాది, ప్రచురణ హక్కు మీది, మీ పుస్తకంలో వేసుకోవడానికి నన్ను అడగక్కర్లేదు" అని వాట్సాప్‌లోనైనా రాసి పంపిస్తాను.

53ఎ సెక్షన్ గురించి కూడా చెప్పాలి. ఒరిజినల్ చిత్రం పదివేల రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైతే, మొదటి హక్కుదారు అయిన ఆర్టిస్టుకు, ఆయన తర్వాత వారసులకు అందులో వాటా ఉంటుంది. ఆ వాటా 10 శాతానికి మించకూడదు. 1994 సవరణలో వచ్చిన ఏర్పాటు ఇది. నేను చూసిన లావాదేవీల్లో ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. ముప్పై ఏళ్ల క్రితం యాభై రూపాయలకు వేసిన బొమ్మ ఇవాళ లక్షకు అమ్ముడైతే, వేసినాయన ఇంటికి పదివేలు పంపడం న్యాయం. చట్టం ఉన్నా లేకపోయినా నేను అలాగే అనుకుంటాను.

కాగితం మనదైనా దాంతో ఏమైనా చేయొచ్చనీ లేదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం తీసేసి పాడుచేసిందని అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకు వెళితే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. శిల్పం తిరిగివ్వమని, ఐదు లక్షలు పరిహారం కట్టమని చెప్పింది. పేజీని కత్తిరించి గడికి గడి విడివిడిగా అమ్మేవాళ్లు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

వేయించుకోవడం, మార్చుకోవడం

హైటెక్స్‌లో కామిక్ కాన్, అంటే కామిక్స్ అభిమానుల జాతర, జరిగినప్పుడు ఆర్టిస్టుల బల్లల దగ్గర నిలబడితే అక్కడికక్కడే స్కెచ్ వేసిచ్చేవాళ్లు ఉంటారు. మొదలుపెట్టడానికి అది మంచి చోటు. ఒక్కటే జాగ్రత్త. సాధారణ స్కెచ్ పెన్నులు, మార్కర్ల రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఇండియన్ ఇంకులో ఉండేది మసి, అది వెలవదు. ఇంకుతో వేయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పెద్ద బొమ్మ వేయించుకునేటప్పుడు పాత్రలెన్ని, వెనక దృశ్యం ఉండాలా, ఏ కాగితం, ఏ సైజు, ఎప్పటికి, ఇవి ముందే తేల్చుకోవాలి. సగం అడ్వాన్సు ఇచ్చి, రఫ్ స్కెచ్ చూసి ఒప్పుకున్నాక ఇక ఆర్టిస్టు చేతిని వదిలేయాలి. ఇంకు వేశాక "మీసం కొంచెం పెద్దది చేస్తారా" అని అడగడం అవతలివాళ్లను కష్టపెట్టడమే. తెలిసిన ఆర్టిస్టు అభిమానంతో తక్కువకు వేసిచ్చిన బొమ్మను మూడో నెలలో లాభానికి అమ్మేయడం అంతకన్నా పెద్ద తప్పు. అది తెలిశాక ఆ ఆర్టిస్టు ఇంకెవరికీ అభిమానంతో వేయడు. "ఫలానావారికి ప్రేమతో" అని పేరు రాయించుకుంటే అమ్మకం ధర తగ్గుతుందని కొందరు వద్దంటారు. నేను రాయించుకుంటాను. ఇంకోటి, మార్వెల్ పాత్రనో చందమామ భేతాళుడినో మీ ఇంటి గోడకు ఒక బొమ్మగా వేయించుకుంటే ఎవరూ పట్టించుకోరు. దాన్నే టీషర్టుల మీద అచ్చేసి అమ్మితే అది వేరే వ్యవహారం.

మార్పిడి దగ్గర స్నేహాలు చెడతాయి. నా దగ్గరున్న రెండు చిన్న పేజీలకు మీ కవరు ఇచ్చేయండి అని అడిగినప్పుడు, రెండువైపులా రెండు రకాల లెక్కలు నడుస్తుంటాయి. నగదుకైతే ఇరవై వేలకు ఇచ్చేసే బొమ్మను మార్పిడిలో ముప్పై అంటారు. అందుకే ముందు ఇద్దరూ తమ బొమ్మకు నగదు ధర చెప్పుకుని, తేడా ఉంటే పైన డబ్బు కలుపుకోవడం మంచిది. చిన్నవి పదిచ్చి పెద్దదొకటి తీసుకునేవాడు కొంచెం ఎక్కువే ఇవ్వాలి. ఎందుకంటే ఆ పదింటినీ అమ్ముకునే శ్రమ అవతలివాడి నెత్తిన పడుతోంది.

మార్పిడికి పన్ను ఉండదనే నమ్మకం కూడా ఉంది. అది నిజం కాదు. డ్రాయింగులు, పెయింటింగులు, కళాఖండాలను 2007 ఫైనాన్స్ చట్టం సొంత వాడకం వస్తువుల జాబితా నుంచి తీసేసింది. కాబట్టి అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను వర్తిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వస్తు మార్పిడి కూడా బదిలీయే. 2024 జూలై 23 నుంచి అమలైన లెక్క ప్రకారం 24 నెలలు దాటి ఉంచుకున్నదానికి 12.5 శాతం. మొదట ఎంతకు కొన్నామో రసీదు లేకపోతే ఆ లాభాన్ని తేల్చడమే కష్టం. ఫుట్‌పాత్ మీద కొన్నా సరే, తేదీ, ధర, చోటు అదే రోజు రాసిపెట్టుకోండి.

భద్రపరచడం గురించి కొద్దిగా. లామినేషన్ చేయించారా, బొమ్మ పోయినట్టే, దాన్ని మళ్లీ విడదీయలేం. స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు ఇంకుకు అంటుకుంటాయి, పాలియెస్టర్ కవర్లు వాడాలి. పటం కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో యాసిడ్ లేని మౌంట్ (అట్ట చట్రం) పెట్టమని గట్టిగా చెప్పాలి. మన వానాకాలం తేమకు తగిలిన అద్దం కాగితాన్ని పట్టేసుకుంటుంది. బాత్రూమ్ గోడను ఆనుకున్న బీరువాలో మాత్రం పెట్టకండి.

రెండేళ్ల క్రితం నల్లకుంటలో ఓ ఆర్టిస్టు గారి ఇంటికి వెళ్లాను. ఆయన పోయి అప్పటికి ఏడాదైంది. వాళ్లావిడ అటక మీది సూట్‌కేసు దింపించారు. "ఏవో పాత కాగితాలు బాబూ, ఆయన పారెయ్యనివ్వలేదు" అన్నారు. అరవై దాకా బొమ్మలు. ఆవిడ చెప్పే ధరకు మొత్తం ఆ రోజే తెచ్చుకోవచ్చు. అలా చేయకూడదని నాకు గట్టిగా అనిపించింది. "అమ్మా, ముందు వీటిని స్కాన్ చేసి మీకు, పిల్లలకు కాపీలు ఇస్తాను, ధర సంగతి ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాను. నాలుగు శనివారాలు పట్టింది. ఒక్కో బొమ్మ చూపిస్తుంటే ఆవిడ ఆ ఏడాది ఏ ఇంట్లో అద్దెకున్నారో, ఆ పత్రికవాళ్లు డబ్బులు ఎన్నాళ్లకు పంపారో గుర్తుచేసుకుని చెప్పారు. అదంతా రాసుకున్నాను. ఆఖరికి ఎనిమిది బొమ్మలు నేను కొన్నాను, అదీ బయట అడిగి తెలుసుకున్న ధరకు. మిగతావి పిల్లలు ఉంచుకున్నారు.

ఆ ఎనిమిదింటి వెనక జిగురు లేకుండా ఒక్కో చీటీ పెట్టాను. ఎవరి దగ్గర కొన్నది, ఎప్పుడు, ఏ సంచికలో వచ్చింది. ఆరింటి సంచికలు దొరికాయి. మిగిలిన రెండింట్లో ఒకదాని అంచున ఎర్ర పెన్సిల్‌తో "దీపావళి" అని మాత్రమే ఉంది. ఆవిడ 1974 అయ్యుండొచ్చు అంటున్నారు. ఈ శనివారం సుల్తాన్ బజార్ వెళ్లి ఆ ఏటి బైండు అడగాలి.